ఖాదర్ నవ్వాడా అని అడిగారు

మేము ఆ పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. 1971 నవంబరు చివరి వారం. జమ్మూకి దిగువన, సరిహద్దుకు ఆనుకుని, ఎండిపోయిన ఒక వాగు ఒడ్డు. లారీ రెండు మైళ్ళ ఇవతలే దింపేసింది. అక్కడి నుంచి నడక. తల ఎత్తున రెల్లుగడ్డి. మధ్యలో ఒక మనిషి మాత్రమే పట్టే దారి. పోస్టు అంటే కోట లాంటిదేదో ఊహించుకోవద్దు. ఒక మట్టి కట్ట. దాని వెనక మూడు బంకర్లు. బంకర్ల మీద పాత రైలు స్లీపర్లు, వాటి మీద మూడడుగుల మట్టి. ఎదురుగా తొమ్మిది వందల గజాల దూరంలో పాకిస్తాన్ వాళ్ళ కట్ట. వాళ్ళు చొక్కాలు ఆరేసుకుంటే మాకు కనిపించేవి.

మొత్తం పదకొండు మందిమి. తలా ఒక రైఫిలు, రెండు కంబళ్ళు, ఒక జెర్సీ, ఒక నీళ్ళ సీసా. పోస్టుకంతా ఒక లైట్ మెషిన్ గన్ను, ఒక వైర్‌లెస్ సెట్టు. గన్ను దగ్గర రెండో మనిషిని నేను. తూటాల పెట్టెలు అందించడం, బ్యారెల్ వేడెక్కితే మార్చడం నా పని. నా వయసు ఇరవై రెండు. అప్పటికి నేను శత్రువు వైపు ఒక్క తూటా కూడా పేల్చలేదు.

వైర్‌లెస్ ఆపరేటరు మాకంటే ముందే వచ్చి బంకర్లో కూర్చుని ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, చెవులు కొంచెం బయటికి వచ్చి ఉంటాయి. నేను తూటాల పెట్టె దింపుతూ తెలుగులో ఏదో గొణుక్కున్నాను. అతను హెడ్‌ఫోను ఒక చెవి మీద నుంచి తప్పించి అడిగాడు.

"యా వూరప్పా మనది?"

"పూతలపట్టు దగ్గర."

"చిత్తూరు నుంచి పోతా ఉంటే ఎడమచేతి పక్కనా, కుడిచేతి పక్కనా?"

"ఎడమ పక్క."

"అయితే నిన్ను సూసే ఉంటాను. నేనెప్పుడూ ఎడమ పక్క కిటికీ సీటే."

అలా పరిచయమయ్యాడు ఖాదర్. చిత్తూరు టౌను. నాయన ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. నాకంటే మూడేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. అతను నన్ను రత్నం అనేవాడు. నా పూర్తి పేరు మునిరత్నం.

పోస్టు కమాండరు ఒక హవల్దారు. గుడియాత్తం మనిషి. తమిళం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. ఇంకొకరు నర్సింగ్ అసిస్టెంటు, పాలక్కాడు నుంచి. ఈ నలుగురి సంగతే నేను చెప్పబోయేది. మిగతా ఏడుగురు డిసెంబరు నాలుగు తెల్లవారేసరికి లేరు.

మూడో తేదీ పొద్దు గుంకుతుండగా గుండ్లు పడటం మొదలైంది. తెల్లవారేదాకా ఆగలేదు. గన్ను వెనక ఉన్నవాడు నా మోచేతికి తగిలేంత దగ్గర్లో పోయాడు. హవల్దారు తొడలో గుండు పెంకు దిగింది. ఉదయం ఐదు పదికి ఖాదర్ సెట్టులో మాట్లాడుతుంటే నేను పక్కనే ఉన్నాను.

"తూటాలు అయిపోతా ఉండాయి. నలుగురం మిగిలినాం. ఓవర్."

"అక్కడే ఉండండి. సాయం బయలుదేరింది. ఓవర్."

"ఎంతసేపు? ఓవర్."

"అక్కడే ఉండండి."

సాయం రాలేదు. ఎందుకు రాలేదో నాకు ఈ రోజు వరకు ఎవరూ చెప్పలేదు. ఆరుంబావుకు సెట్టు మూగబోయింది. ఖాదర్ దాన్ని రైఫిలు మడమతో పగలగొట్టాడు. జేబులో కోడు చీటీ ఉంది. కాల్చడానికి అగ్గిపెట్టె తడిసిపోయింది. నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. ఆరు నలభైకి వాళ్ళు కట్ట ఎక్కి మా మీద తుపాకులు పెట్టేసరికి ఇంకా నములుతూనే ఉన్నాడు. మింగేశాక, చేతులు పైకెత్తి, నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఉప్పు తక్కువైందప్పా."

నాకు నవ్వొచ్చింది. చుట్టూ మా వాళ్ళు ఏడుగురు పడి ఉన్నారు. నాకు నవ్వొచ్చింది. ఎవరికైనా ఇది చెబితే నమ్మరు, లేకపోతే నన్ను అసహ్యించుకుంటారు.

*

కళ్ళకు గంతలు కట్టి రెండు రోజులు లారీలో తిప్పారు. మూడో రోజు గంతలు విప్పితే ఒక పాత జైలు. ఎర్ర ఇటుకల గోడ, పైన ముళ్ళ తీగ. మా నలుగురికి ఒక గది. పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. తలుపు లేని కిటికీ ఒకటి, ఊచలు మాత్రమే. తలా ఒక కంబళి, ఒక పళ్ళెం, ఒక మగ్గు. ఉదయం ఆరింటికి లెక్క. పదకొండింటికి రెండు రొట్టెలు, పప్పు. సాయంత్రం ఐదింటికి మళ్ళీ అదే. ఆరింటికి తాళం.

జనవరి చలి మా ఊళ్ళ వాళ్ళకు తెలియదు. ఊచల్లోంచి పొగమంచు లోపలికి వచ్చి కూర్చునేది. హవల్దారే ఉపాయం చెప్పాడు. రెండు కంబళ్ళు కింద, రెండు పైన. నలుగురూ ఒకరి వెనక ఒకరు, ముందువాడి వీపు వెనకవాడి రొమ్ముకు ఆనించి కూర్చోవాలి. రెండో రోజు సాయంత్రం అలా కూర్చోగానే అందరికంటే ముందున్న ఖాదర్ గోడ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు.

"రైట్, రైట్. చిత్తూరు టు తిరుపతి. వయా కాణిపాకం రోడ్డు, పూతలపట్టు. ఎక్కేవాళ్ళు ఎక్కండప్పా. కూసోనే జాగా లేదు, నిలబడే జాగా లేదు, అయినా ఎక్కండి."

నర్సింగ్ అసిస్టెంటుకు తెలుగు అంతంతమాత్రం. అయినా సంగతి అర్థమైంది. "పాలక్కాడ్ ఒకటి" అన్నాడు.

"ఆ రూటు మనది కాదు సార్. ఎక్కినారు కాబట్టి కూసోండి. దిగేది మాత్రం అడగొద్దండి."

"పూతలపట్టు వచ్చిందన్నా, ఆపు" అన్నాను నేను.

"పూతలపట్టులో ఆగదు. ఇది ఎక్స్‌ప్రెస్సు."

"మరి ఎక్కించుకున్నావు కదా."

"ఎక్కించుకునేటప్పుడు ప్యాసింజరు. బయలుదేరినాక ఎక్స్‌ప్రెస్సు."

హవల్దారు తొడ పట్టుకుని నవ్వాడు. "రేయ్, నవ్వించొద్దురా. కట్టు ఊడిపోతాది." ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. పోస్టులో ఉన్నప్పుడు ఆయన మాతో మాట్లాడిందంతా ఆర్డర్లే.

ఆ బస్సు చలికాలమంతా నడిచింది. ఒక్క రోజు కూడా నన్ను దించలేదు.

మా కాపలావాళ్ళలో ఒక పెద్దాయన ఉండేవాడు. నాయక్ హోదా, యాభై దగ్గర వయసు, ఎడమ కాలు కుంటి. ఉదయం లెక్కకు ఆయనే వచ్చేవాడు. చెయ్యి చేసుకునేవాడు కాదు. ఒక రోజు ఉర్దూలో ఖాదర్‌ని అడిగాడు, మీ భాషలో సలాం ఎలా చెబుతారని. ఖాదర్ ఒక్క క్షణం ఆలోచించి, చాలా మర్యాదగా నేర్పాడు. మర్నాడు ఆరింటికి పెద్దాయన తలుపు తీసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, మా నలుగురినీ చూసి గంభీరంగా అన్నాడు.

"నాకు బుద్ధి లేదు."

"మాకు తెలుసు సార్" అన్నాం ఒక్క గొంతుతో.

రెండు నెలలు రోజూ ఉదయం ఇదే. ఆయన ఒక్కో అక్షరం జాగ్రత్తగా పలికేవాడు. మేము ముఖం బిగబట్టుకుని జవాబు చెప్పేవాళ్ళం. తలుపు పడగానే ఖాదర్ కంబళిలో తల దూర్చుకుని భుజాలు ఊగేలా నవ్వేవాడు. ఆ నవ్వుకే మేము నిద్ర లేచేవాళ్ళం.

*

ఫిబ్రవరిలో హవల్దారు కాలు చెడింది. నర్సింగ్ అసిస్టెంటు దగ్గర మందు లేదు. చొక్కా చింపి, మగ్గు నీళ్ళతో పుండు కడిగి, ఆ గుడ్డతోనే కట్టు మార్చేవాడు. డాక్టరు వారానికొకసారి వచ్చి తలుపు దగ్గరే నిలబడి చూసి పోయేవాడు. ఒక రోజు నర్సింగ్ అసిస్టెంటు మమ్మల్ని పక్కకు పిలిచి, కాలు నల్లబడుతోందని, ఆస్పత్రికి తీసుకుపోకపోతే పది రోజులని చెప్పాడు.

ఉర్దూ వచ్చినవాడు ఖాదరే. క్యాంపు కెప్టెను దగ్గరికి అతనే వెళ్ళాడు. అరగంటలో తిరిగొచ్చాడు. చేతిలో ఒక కాగితం.

"రేడియోలో ఇది సదవాలంట. సదివితే సార్‌ను ఈ పొద్దే ఆస్పత్రికి పంపిస్తాడంట."

"ఏముండాది అందులో?" అన్నాడు హవల్దారు.

ఖాదర్ చదివి చెప్పాడు. మన సైన్యంలో ముస్లింలను నమ్మరని, ముందు వరసలో చావడానికి పంపుతారని, ఇక్కడికి వచ్చాకే తనకు మనిషిగా గౌరవం దొరికిందని. కింద అతని పేరు, నంబరు, ఊరు.

హవల్దారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సదవొద్దు" అన్నాడు.

"సార్, కాలు..."

"నా కాలు నేను సూసుకుంటా. సదవొద్దు. ఇది ఆర్డరు."

ఖాదర్ నిలబడి సెల్యూట్ చేశాడు. కాగితం మడిచి పట్టుకుని వెళ్ళాడు. ఆ తర్వాత పదకొండు రోజులు అతన్ని మేము చూడలేదు.

హవల్దారు తొమ్మిదో రోజు మధ్యాహ్నం మూడింటికి పోయాడు. చివరి రెండు రోజులు ఎవరినీ గుర్తుపట్టలేదు. నర్సింగ్ అసిస్టెంటు ఆయన కళ్ళు మూశాడు. నేను తలుపు బాదాను. ఇద్దరు వచ్చి స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. ఎక్కడికో చెప్పలేదు.

పన్నెండో రోజు ఉదయం తలుపు తెరుచుకుంది. పెద్దాయన ఖాదర్‌ను భుజం పట్టి లోపలికి తీసుకొచ్చాడు. ఎడమ చెంప వాచి కన్ను మూసుకుపోయి ఉంది. పై పళ్ళు రెండు లేవు. చొక్కా లేదు. ఒంటి మీద బూడిదరంగు స్వెట్టరు ఉంది. అది పెద్దాయనదే. మాకు తెలుసు, రోజూ ఆయన ఒంటి మీద చూసిందే.

ఖాదర్ కూర్చున్నాడు. మా మొహాలు చూశాడు. హవల్దారు కూర్చునే చోటు చూశాడు. అర్థం చేసుకున్నాడు. నర్సింగ్ అసిస్టెంటు అతని చెంప తుడుస్తూ, ఎందుకు ఇంతగా కొట్టారని అడిగాడు.

"నా ఉర్దూ బాగాలేదంట" అన్నాడు ఖాదర్. "సదవతావా లేదా అన్నాడు. నేను 'నక్కో' అన్నాను. మా ఇంట్లో వద్దు అనాలంటే అదే మాట. ఆయనకు తెలీలేదు. నక్కో అంటే ఏమి కోడు, ఎవరికి సైగ అని ఇంకో నాలుగు రోజులు అడిగినాడు. మా చిత్తూరు ఉర్దూ అంతే సార్ అని ఎంత చెప్పినా నమ్మలా."

మేమిద్దరం నవ్వలేదు. నవ్వమన్నట్టు మా వైపు చూశాడు. అప్పటికీ నవ్వలేదు. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వీపు మీద పొడవాటి గీతలు స్వెట్టరు కింద నుంచి నడుము దాకా కనిపించాయి.

మర్నాడు లెక్కకు పెద్దాయన వచ్చి అలవాటుగా నాలుగు అన్నాడు. ఖాదర్ లేచి నిలబడి ఉర్దూలో చెప్పాడు.

"మూడే సార్. ఒకాయన లీవులో పోయినాడు."

పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ రోజు గుండె మీద చెయ్యి పెట్టుకుని మా సలాం చెప్పబోతుంటే ఖాదర్ ఆపాడు. ఇక నుంచి ఆ మాట వద్దు, 'నమస్కారం' అనండి అన్నాడు. మరి ఇన్నాళ్ళూ అన్నది ఏమిటని పెద్దాయన అడిగాడు.

"అది సలికాలంలో అనేది సార్. ఇప్పుడు ఎండాకాలం వస్తా ఉండాది కదా."

పెద్దాయన తల ఊపి "నమస్కారం" అన్నాడు. మేము ముగ్గురం చేతులు జోడించాం.

*

నెలకొక కార్డు రాసుకోనిచ్చారు. ఇంగ్లీషులో గానీ ఉర్దూలో గానీ హిందీలో గానీ రాయాలి. మా అమ్మకు తెలుగు చదవడమే రాదు. మా ఊళ్ళో ఈ భాషలు వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఖాదర్ తన కార్డులో సగం నాకిచ్చాడు. పైసగం వాళ్ళ నాయనకు. కిందిసగం మా అమ్మకు, ఉర్దూలోనే. ఆ కార్డు చిత్తూరు చేరగానే వాళ్ళ నాయన కొట్టు మూసి, బస్సెక్కి పూతలపట్టులో దిగి, మూడు మైళ్ళు నడిచి మా ఇంటికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని అమ్మకు తెలుగులో చదివి వినిపించేవాడట. అమ్మ ఇంకోసారి చదవమంటే ఇంకోసారి. నేను బతికి ఉన్నానని మా అమ్మకు మొదట చెప్పింది ఆ కళాయి వేసే ముసలాయనే. ఎనిమిది కార్డులు అలా చేరాయి.

మరుసటి డిసెంబరు మొదట్లో మమ్మల్ని వదిలారు. వాఘా దగ్గర ఉదయం పదకొండింటికి తెల్లగీత దాటాం. ఖాదర్ నా ముందు నడిచాడు. బ్యాండు వాయించారు. బంతిపూల దండలు వేశారు. నోట్లో లడ్డూ పెట్టారు. ఖాదర్ పళ్ళు లేని వైపు నుంచి లడ్డూ పొడి రాలుతుంటే తుడుచుకుంటూ, "తిరప్తి లడ్డు అనుకొని తినప్పా, ఏం కాదు" అన్నాడు. అతను నాతో చెప్పిన తమాషా మాటల్లో నాకు వినిపించిన ఆఖరిది అదే.

దండలు తీసేశాక లారీల్లో ఒక కంటోన్మెంటుకు తీసుకుపోయారు. తొమ్మిది రోజులు ఉంచారు. ఎవరినీ ఎవరితో మాట్లాడనివ్వలేదు. మమ్మల్నీ, జైల్లో పక్క గదుల్లో ఉన్నవాళ్ళనూ ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. ఎనిమిదో రోజు ఉదయం పది నలభైకి నా వంతు. బల్ల వెనక ముగ్గురు ఆఫీసర్లు. మూలన టైపు మిషను దగ్గర ఒక గుమాస్తా. గదిలో హీటరు ఉంది. చలికాలంలో ఒళ్ళు వెచ్చగా అనిపించడం పట్టుబడ్డాక అదే మొదటిసారి. ఆ సంగతి నాకు ఇప్పటికీ సిగ్గుగా గుర్తుంది.

మధ్యలో కూర్చున్నాయన హిందీలో అడిగాడు.

"ఖాదర్ శత్రువు క్యాంపు ఆఫీసుకు తానుగా వెళ్ళాడా?"

"వెళ్ళాడు సార్. హవల్దారుగారి కాలు..."

"అడిగినదానికి చెప్పు. తర్వాత పదకొండు రోజులు మీతో లేడా?"

"లేడు సార్."

"తిరిగి వచ్చినప్పుడు ఒంటి మీద వాళ్ళిచ్చిన స్వెట్టరు ఉందా?"

"ఉంది సార్."

"కాపలావాడికి మన భాష నేర్పాడా?"

నేను జవాబు చెప్పడానికి ఆలస్యం చేశాను. అది ఎలా చెప్పాలో తెలియలేదు. నాకు బుద్ధి లేదు అనే మాటను హిందీలో, ఆ గదిలో, ఆ ముగ్గురికి ఎలా వివరించాలి?

"నేర్పాడా, లేదా?"

"నేర్పాడు సార్."

"వాళ్ళతో నవ్వుతూ ఉండేవాడా?"

"నవ్వేవాడు సార్."

టైపు మిషను ఆగింది. కోడు చీటీ మింగిన సంగతి వాళ్ళు అడగలేదు. రేడియో కాగితం సంగతి, హవల్దారు ఇచ్చిన ఆర్డరు సంగతి, వీపు మీద గీతల సంగతి అడగలేదు. అడగనిది చెప్పే అలవాటు సిపాయికి ఉండదు. నేను ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఇదే. నిజం అది కాదు. చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు గుమాస్తా కాగితం నా ముందు పెట్టి మెల్లగా అన్నాడు, సంతకం పెడితే రేపే సెలవు పాసు, లేదంటే మళ్ళీ మొదటి నుంచి, ఎన్ని రోజులవుతుందో చెప్పలేనని. కాగితం ఇంగ్లీషులో ఉంది. చదవడం రాదు. మా అమ్మ అరుగు మీద కూర్చుని ఉన్నట్టు కనిపించింది. నోరు మూసుకున్నాను. పదకొండు ఇరవైకి సంతకం పెట్టాను.

నర్సింగ్ అసిస్టెంటు నాకంటే తెలివైనవాడు. తనకు మలయాళం తప్ప ఏ భాషా సరిగ్గా రాదని, వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో, ఎందుకు నవ్వుకున్నారో తెలియదని చెప్పాడు. అడిగిన ప్రతిదానికీ అదే జవాబు. మూడు గంటలు కూర్చోబెట్టి పంపేశారు. ఆ మాట తిరిగి వస్తూ రైల్లో చెప్పాడు. చెప్పి, నువ్వేమన్నావని అడగలేదు. కాట్పాడి దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

*

నాలుగు నెలలకు ఖాదర్‌ను సర్వీసు నుంచి తీసేశారు. సేవలు ఇక అవసరం లేదని ఒక్క వాక్యం. విచారణ లేదు, శిక్ష లేదు, పింఛను లేదు. నేను పదిహేనేళ్ళు చేసి వచ్చాను. రేణిగుంటలో ఒక గోడౌనుకు సెక్యూరిటీగా ఇంకో ఇరవై ఏళ్ళు.

అతన్ని తీసేశారని తెలిశాక వచ్చిన మొదటి సెలవులోనే చిత్తూరు వెళ్ళాను. కొట్టు కనుక్కోవడం కష్టం కాలేదు. వీధి మలుపులోనే నవ్వులు వినిపించాయి. నలుగురైదుగురు కూలివాళ్ళు కొట్టు ముందు నిలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. లోపల ఖాదర్ కొలిమి దగ్గర గొంతుక్కూర్చుని, గిన్నెను పటకారుతో తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. నన్ను చూశాడు. చెప్పేది ఆపేశాడు. వాళ్ళు కాసేపు చూసి వెళ్ళిపోయారు.

వాళ్ళ నాయన లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "రత్నమా? మీ అమ్మ బాగుండాదా నాయనా? ఆ పొద్దు నేను సదవతా ఉంటే కార్డును ముట్టుకొని సూసేది పాపం" అన్నాడు. టీ చెప్పడానికి బయటికి వెళ్ళాడు.

"అన్నా, నేనే చెప్పినాను వాళ్ళకు" అన్నాను.

"తెలుసు. సదివి వినిపించినారు." ఖాదర్ గిన్నె మీద నుంచి కళ్ళెత్తలేదు. "ఐదు అవునులు. అబద్ధం ఒక్కటీ లేదు కదప్పా."

నేను కొలిమిలో నిప్పులు చూస్తూ నిలబడ్డాను.

"నవ్వినాడా అంటే నవ్వినాడు అన్నావు. సరే. ఎందుకు నవ్వినాడో ఇంకొక్క మాట సెప్పుంటే అయిపోయుండు కదా రత్నం. ఒక్క మాట."

"నోరు రాలేదన్నా."

"ఊఁ" అన్నాడు. తగరం ముక్క గిన్నెలో రుద్దాడు. దూదితో తుడిచాడు. గిన్నె లోపల తెల్లగా మెరిసింది. "ఆగస్టు పదైదుకు, జనవరి ఇరవైయారుకు పోలీసాయన వస్తాడు ఈడికి. ఊర్లో ఉండానా లేదా అని సూసి పోతాడు. మా నాయన ఆయనకు కూడా టీ ఇస్తాడు."

టీ వచ్చింది. తాగాను. ఆ రోజు కంటోన్మెంటు నుంచి వెళ్ళేటప్పుడు లారీలోంచి నాతో ఏదో అన్నావు, ఏమన్నావు అని అడిగాను.

"ఏమోప్పా. గుర్తు లేదు."

తర్వాత నలభై ఏళ్ళలో ఏడెనిమిది సార్లు వెళ్ళి ఉంటాను. ప్రతిసారీ మలుపులో నవ్వులు వినిపించేవి. నేను కొట్టు ముందుకు రాగానే ఆగిపోయేవి. నన్ను ఎప్పుడూ పొమ్మనలేదు. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగేవాడు. టీ ఇప్పించేవాడు. నాతో మాత్రం మళ్ళీ ఒక్క తమాషా మాట అనలేదు. మూడేళ్ళ కిందట పోయాడు. నాకు కబురు నాలుగు రోజులు ఆలస్యంగా అందింది.

నన్ను ఇప్పటికీ జెండా పండుగకు బడికి పిలుస్తారు. శాలువా కప్పుతారు. పోయిన ఆగస్టులో ఒక టీచరమ్మ, పిల్లల కోసం ఏదైనా తమాషా సంగతి చెప్పండి సార్ అంది. 'నాకు బుద్ధి లేదు' కథ చెప్పాను. పిల్లలు బెంచీల మీద పడి నవ్వారు. మిగతాది చెప్పలేదు. అది ఇప్పుడు రాస్తున్నాను.

సంతకం పెట్టిన మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంట. సెలవు పాసులు జేబులో పెట్టుకుని మేము పన్నెండు మందిమి కంటోన్మెంటు గేటు దగ్గర నిలబడ్డాం, స్టేషనుకు పోయే బండి కోసం. మా పక్క నుంచి ఒక చిన్న లారీ కదిలింది. వెనక పలక ఎత్తి కట్టారు. లోపల ఇద్దరు మిలిటరీ పోలీసులు, మధ్యలో ఖాదర్. నన్ను చూశాడు. నేను ఏం చెప్పానో అప్పటికి అతనికి తెలియదు. మొహమంతా వెలిగింది. రెండు చేతులతో పలక పట్టుకుని ముందుకు వంగి, నాతో ఏదో అన్నాడు. ఇంజను చప్పుడులో వినపడలేదు. ఇంకోసారి అన్నాడు, పెదాలు బాగా కదిలిస్తూ, పళ్ళు లేని సందు కనిపించేలా. తమాషా మాటేనని ముఖం చూస్తే తెలుస్తోంది. అర్థమైందా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

నేను నవ్వాను. అర్థమైనట్టు చెయ్యి ఊపాను. లారీ గేటు దాటి ఎడమకు తిరిగింది.